చెద తిన్న గొంతు

అటక మీది రేడియోను రెండు చేతులా పట్టి ఎత్తాను. రేడియో నా చేతుల్లోకి వచ్చింది, దాని అడుగు పలక అటక మీదే ఉండిపోయింది. దాన్ని పలక అనడం కూడా మర్యాదకే. మట్టి పొరలు, వాటి మధ్య కాగితమంత పల్చగా మిగిలిన చెక్క. అందులో సగం, కింద నిచ్చెన పట్టుకున్న పెద్దనాన్న నెత్తిన రాలింది. ఆయన తువ్వాలుతో దులుపుకుంటూ, "పోతే పోయిందిలేరా, పెట్టెదేముంది! లోపల లైట్లు బాగుంటే చాలు" అన్నారు.

ఆ కాలం వాళ్లకు రేడియోలోని గాజు వాల్వులంటే లైట్లే. లైట్ల గురించి ఆయన అన్నది చాలావరకు నిజం. పెట్టె గురించి అన్నది తప్పని తెలియడానికి మా ఇద్దరికీ రెండు నెలలు పట్టింది.

తెనాలిలో పెద్దనాన్న వాళ్లింట్లో 1960ల నుంచీ ఉన్న బల్ల రేడియో అది. మూరకు కాస్త పైన వెడల్పు, జానన్నర ఎత్తు. ముందు భాగంలో బంగారు రంగు పోగులు కలిపి నేసిన గుడ్డ, దాని వెనక స్పీకరు. కింద హార్మోనియం మెట్లలాంటి తెల్ల మీటలు. అద్దం మీద మద్రాసు, కొలంబో, ఢిల్లీ, విజయవాడ. ఒక మూల స్టేషను సరిగ్గా కుదిరితే కుంచించుకునే పచ్చటి కన్ను. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి తీగల జాలి పట్టీ వేలాడేది, అదే ఏరియల్. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఇంట్లో పెట్టుకోవడమే అప్పట్లో నేరం. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఆ లైసెన్సులు 1980లలో రద్దయిపోయినా, పెద్దనాన్న దగ్గర ఆ పుస్తకం ఇన్సూరెన్సు కాగితాల మధ్య ఇప్పటికీ భద్రంగా ఉంది. రేడియోను మాత్రం చెదలకు వదిలేశారు.

మధ్యలో ఒకసారి మూగబోతే పట్నంలో ఏదో షాపులో ఇచ్చారట. పలికించారు గాని వెనక మూత పోగొట్టారు. డయల్ దారం తెగి ఉంటే కొత్తది కట్టి, ముల్లును తోచిన చోట తగిలించారు. ఆ రోజు నుంచీ ముల్లు విజయవాడ అన్న పేరును దాటి అర అంగుళం పోతే గాని విజయవాడ పలికేది కాదు.

ఇలాంటి రేడియో చేతికొస్తే ఎవరి చెయ్యయినా మొదట ప్లగ్గు మీదికే పోతుంది. సరిగ్గా అక్కడే ఆగాలి. కరెంటును చదును చేయడానికి లోపల అల్యూమినియం డబ్బాల్లో పెద్ద కండెన్సర్లు ఉంటాయి. వాటిలో చుట్టిన రేకు మీద పరుచుకున్న ఆక్సైడు పొరే విద్యుత్తుకు అడ్డుగోడ. ఆ గోడ మందం వోల్టుకు ఒక నానోమీటరు పైచిలుకు. అంటే 350 వోల్టులను ఆపే గోడ మొత్తం కలిపి అర మైక్రోమీటరు, తల వెంట్రుకలో నూరో వంతు కూడా కాదు. వోల్టేజి తగులుతున్నంత కాలం ఆ పొర తన్ను తాను మరమ్మతు చేసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి తగలకపోతే అక్కడక్కడా చిల్లులు పడుతుంది. అలాంటి దానికి ఒక్కసారిగా నిండు వోల్టేజి ఇస్తే కరెంటు ఆ చిల్లుల్లోంచి కారి, లోపలి ద్రవం వేడెక్కి, డబ్బా పేలినా పేలుతుంది.

అందుకే సిరీస్ బల్బు. ఊళ్లో ఏ ఎలక్ట్రీషియను సంచి వెతికినా ఇది ఉంటుంది. రేడియోకు వెళ్లే తీగల్లో ఒకదాన్ని తెంపి, మధ్యలో పాతకాలపు ఫిలమెంటు బల్బు కలపడమే. 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 880 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. రేడియోలో ఎక్కడా షార్టు లేకపోతే బల్బు ఒక్క క్షణం మెరిసి మందగిస్తుంది. షార్టు ఉంటే తానే నిండుగా వెలిగి, వోల్టేజినంతా తన నెత్తిన వేసుకుని, రేడియోను కాపాడుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

మా బల్బు పెళ్లి పందిట్లో దీపంలా వెలిగింది. ప్లగ్గు తీసేశాను.

పెద్ద కండెన్సర్లు మార్చాను. వాటికంటే గుట్టుగా కీడు చేసేవి మైనం పూసిన చిన్న కాగితపు కండెన్సర్లు. కృష్ణా డెల్టా గాలిలోని తేమను కాగితం అరవై ఏళ్లు పీల్చుకుంది. ఈ రేడియోలో స్పీకరును నడిపేది ఇసిఎల్82 అనే వాల్వు. ఆ పేరు దాని జాతకం. 'ఇ' అంటే లోపలి వేడి తీగకు 6.3 వోల్టులు కావాలని, 'సి' అంటే ఒక ట్రయోడు, 'ఎల్' అంటే స్పీకరును తోసే బలమున్న పెంటోడు, రెండూ ఒకే గాజులో. ట్రయోడు దగ్గర ఉన్న 100 వోల్టుల డీసీ పెంటోడు గ్రిడ్డు (కరెంటును అదుపులో పెట్టే జాలి) మీదికి పోకుండా, పాటను మాత్రం పోనివ్వడానికి మధ్యలో ఒక చిన్న కండెన్సర్ ఉంది. దాని నిరోధం వేల మెగోములు ఉండాలి. తేమ పట్టి అది 10 మెగోములకు దిగిందనుకోండి. గ్రిడ్డుకు నేలకు మధ్య ఉన్నది 1 మెగోము. వందను పదకొండు వాటాలు వేస్తే గ్రిడ్డుకు దక్కే వాటా 9 వోల్టులు. కేథోడు కంటే పది పదిహేను వోల్టులు కిందుండాల్సిన గ్రిడ్డు 9 వోల్టులు పైకి లేస్తే, పెంటోడు పగ్గాలు తెగిన ఎద్దులా కరెంటు లాగుతుంది. తర్వాత కాలేవి ఆ వాల్వు, స్పీకరు ట్రాన్స్‌ఫార్మరు. ఈ ఒక్క కండెన్సర్ మార్చకుండా పాత రేడియో పెట్టొద్దు. దాని ఖరీదు ఒక టీకి మించదు.

లైట్ల సంగతిలో పెద్దనాన్నే గెలిచారు. ప్రతి వాల్వు నెత్తిన లోపలి వైపు వెండి మచ్చ ఉంటుంది. అది బేరియం. తయారీలో మిగిలిన గాలిని మింగడానికి వేసిన పూత. గాజు ఎక్కడైనా చిట్లి గాలి చొరబడితే వెండి రంగు పోయి పాలలా తెల్లబడుతుంది. మీటర్లేవీ అక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. మా రేడియోలో అన్ని మచ్చలూ వెండిగానే ఉన్నాయి.

బల్ల మీద చాసిస్, అంటే వాల్వులు బిగించిన ఇనుప చట్రం, పరిచి, పక్కన స్పీకరు వెల్లకిలా పెట్టి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని మరో చేత్తో మీట తిప్పాను. జేబులో చెయ్యి పాత మెకానిక్కుల అలవాటు. రెండు చేతులూ ఇనుము మీద ఉంటే కరెంటు ఒక చేతి నుంచి మరో చేతికి పోతుంది, దారిలో గుండె ఉంది. స్విచ్చి ఆపేశాక కూడా కండెన్సర్లలో వోల్టేజి కాసేపు కాచుకుని ఉంటుంది.

వేడి తీగలు ఎర్రబడ్డాయి. అర నిమిషానికి గురగుర, ఆ తర్వాత విజయవాడ. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం, 837 కిలోహెర్ట్జ్. పక్క గదిలో సెల్‌ఫోన్ చార్జరు పీకించాక గురగుర తగ్గి వార్తలు స్పష్టంగా వినిపించాయి. నేను పొంగిపోతున్నాను. పెద్దనాన్న కాసేపు విని పెదవి విరిచారు.

"ఇది మన రేడియో గొంతు కాదురా. ఫోన్లోంచి మాట్లాడుతున్నట్టుంది."

నాకు కోపమొచ్చింది. వాల్వులన్నీ బాగున్నాయి, వోల్టేజీలన్నీ లెక్కకు సరిపోయాయి. స్పీకరు కాగితం కూడా చిరగలేదు. కాని ఆయన అన్నది నిజమే. వార్తలు చదివే ఆయన గొంతులో బరువు లేదు. పైపైన కీచుగా, ముక్కుతో మాట్లాడినట్టుంది.

స్పీకరులోని కాగితపు గిన్నె ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణాన వెనకున్న గాలి పలచబడుతుంది. ముందు జమ, వెనక ఖర్చు, రెండూ సమానం. వెనకది అంచు చుట్టూ తిరిగొచ్చి ముందుదాన్ని కలిస్తే నికరం సున్నా. ఎంత సున్నా అన్నది అల పొడవును బట్టి ఉంటుంది. మన ఎండలకు గాలిలో ధ్వని సెకనుకు 350 మీటర్ల దాకా పోతుంది. మగ గొంతు అడుగు స్వరం 100 హెర్ట్జ్ అనుకుంటే ఆ అల పొడవు మూడున్నర మీటర్లు. బల్ల మీద ఒట్టిగా పడి ఉన్న స్పీకరుకు ముందు నుంచి వెనక్కి దారి జానెడు కూడా లేదు. అంత పెద్ద అలకు జానెడు దూరం లెక్కలోకి రాదు. వెనకది దాదాపు అదే క్షణంలో వచ్చి చెరిపేస్తుంది. 3000 హెర్ట్జ్, ఆపైన ఉండే సకారాలకూ శకారాలకూ అల పొడవు 12 సెంటీమీటర్లకు మించదు కనుక వాటికి ఈ బాధ లేదు. బరువంతా కొట్టుకుపోయి కీచుదనం మిగిలింది అందుకే.

ఇది పుస్తకంలో చదివినా నేను నమ్మినది అట్టముక్కతోనే. వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె పక్కను కోసి, మధ్యలో స్పీకరంత గుండ్రటి కంత పెట్టి, స్పీకరును దానికి ఆనించి పట్టుకున్నాను. రేడియోలో ఏ మీటా ముట్టుకోలేదు. పెద్దనాన్న కుర్చీలో ముందుకు వంగారు. అట్ట తీశాను, మళ్లీ ఫోను గొంతు. పెట్టాను, మనిషి గొంతు. ఇంట్లో పాడైన టీవీదో, టేప్‌రికార్డరుదో పాత స్పీకరు ఉంటే మీరూ చేసి చూడండి. ఇంతకంటే చవకైన భౌతికశాస్త్ర ప్రయోగం నాకు తెలీదు.

రేడియో పెట్టె చేసే పని కూడా ఆ అట్టదే. నాలుగు పక్కలా మడిచిన అట్ట అనుకోవచ్చు. ముందు నుంచి పెట్టె పక్కగా తిరిగి వెనక్కి వెళ్లే దారి 60 సెంటీమీటర్ల పైనే అవుతుంది. 290 హెర్ట్జ్ దగ్గర ఇది సరిగ్గా సగం అల పొడవు. అక్కడ వెనక అల ఆలస్యంగా వచ్చి, తలకిందులైనది మళ్లీ తలకిందులై, చెరపాల్సింది పోయి తోడవుతుంది. ఇంకా కిందికి పోయేకొద్దీ నష్టం మొదలవుతుంది, అయినా 100 హెర్ట్జ్ దాకా గొంతు నిలుస్తుంది. ఇప్పుడు అడుగు పలకలో చెద పెట్టిన కంత సంగతి చూడండి. వెనక అలకు అది అడ్డదారి. చుట్టూ తిరిగి రావాల్సిన పని లేకుండా కిందనుంచే దూరి వచ్చేస్తుంది. చెద చెక్కను తిన్నదని మేం అనుకున్నాం. తిన్నది మంద్రాన్ని.

ఇక వడ్రంగం. మేస్త్రి వచ్చి చూసి, "ఎందుకు బాబూ ఈ తంటా, పైన సన్‌మైకా కొట్టేస్తే కొత్త పెట్టెలా ఉంటుంది" అన్నాడు. నిజమే, ఉంటుంది. దాని మీద ఆయనకూ నాకూ అరగంట వాదన జరిగింది. చివరికి పెద్దనాన్న టీ తెప్పించి రాజీ కుదిర్చారు. ఆయన చెక్క కోస్తాడు, పైపూత జోలికి రాడు.

చెద వెలుతురుకు దూరంగా ఉండే పురుగు. చెక్కలోని సెల్యులోజును దాని పొట్టలోని సూక్ష్మజీవుల సాయంతో అరిగించుకుంటుంది గాని, పాలిష్ ఉన్న పైపొరను తాకకుండా లోపలే డొల్ల చేస్తుంది. కనుక కంటితో చూసి లాభం లేదు. కొబ్బరికాయను పరీక్షించినట్టు వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయి, బోలు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీశాను. అడుగంతా పోయింది, ఎడమ పక్క కింద నాలుగు వేళ్ల మేర పోయింది. మిగతాది గట్టిగా ఉంది. గట్టిచెక్క దాకా కోసి, బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పట్టించి నీడలో ఆరబెట్టాం. సగం డొల్లైన అంచులకు పల్చటి ఎపాక్సీ తాగించాం. అది చెక్క నాళాల్లోకి దిగి గట్టిపడుతుంది. అడుగుకు పాత ముక్క మందానికి సరిపోయే ప్లైవుడ్ వేశాం. ప్లైవుడ్ ఎందుకంటే, చెక్క తేమకు నిలువుగా దాదాపు ఉబ్బదు, అడ్డంగా బాగా ఉబ్బుతుంది. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తే ఏ పొరా రెండోదాన్ని కదలనివ్వదు. తెనాలి వానాకాలానికి అది కావాలి.

పై పలక మీద టేకు పొర రెండు చోట్ల బుడగలా లేచింది, సరిగ్గా వాల్వుల నెత్తి మీదే. యాభై వాట్ల కరెంటు తాగి, స్పీకరుకు మూడు వాట్లు ఇచ్చి, మిగతాదంతా వేడి చేసే యంత్రం మరి. బుడగను సరిచేసే ముందు కింద ఏ జిగురుందో తెలియాలి. ఒక మూల వేడినీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగితే చెబుతుంది. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురైతే మెత్తబడి జిడ్డుగా సాగుతుంది. అది కొలాజెన్ నుంచి వచ్చినది, 60 డిగ్రీల వేడి, కాస్త తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. ఎన్నేళ్లయినా సరే. తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో అదిమితే పాత జిగురే తిరిగి పట్టుకుంటుంది. మొదటి బుడగ అలా కూర్చుంది. పైన చెక్క, చెక్క మీద పెద్దమ్మ సన్నికల్లు, రాత్రంతా. రెండో బుడగ ఇస్త్రీకి లొంగలేదు. అక్కడ ఎవరో ఎప్పుడో కృత్రిమ జిగురు వేశారు. అది ఒకసారి బిగిస్తే కరగదు. చెక్క రేఖల వెంబడే బ్లేడుతో సన్నగా చీల్చి, సిరంజితో కొత్త జిగురు ఎక్కించాల్సి వచ్చింది. వెతికితే ఆ గీత కనిపిస్తుంది.

పైపూతకూ ఇలాంటి పరీక్షే. కనపడని చోట దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దినప్పుడు రంగు దిగితే అది లక్క. మోదుగ, రేగు చెట్ల మీద బతికే లక్క పురుగు ఇచ్చినది. స్పిరిట్‌కు కదలక, థిన్నర్‌కు జిగటబడితే నైట్రోసెల్యులోజు లాకరు. మాది రెండోది. లాకరులో మంచి గుణమేమిటంటే అది ఆరడమంటే ద్రావకం ఆవిరై పోవడమే, లోపల కొత్త బంధాలేవీ పుట్టవు. కనుక పగుళ్ల మీద కుంచెతో పల్చగా థిన్నర్ పూస్తే పాత లాకరే కరిగి, పగుళ్లలోకి పారి, మళ్లీ ఆరుతుంది. ఇప్పటి పాలియురెథేన్ పూతలకు ఈ వీలు లేదు, అవి గట్టిపడ్డాక గీకాల్సిందే. రంగు చెక్కుకుపోయిన చోట్లు అలాగే ఉంచాను. కుడి పక్కన టీగ్లాసు గుండ్రం ఉంది, పెద్దనాన్నదేనట. దాన్నీ ఉంచాను.

డయల్ అద్దం దగ్గర మాత్రం తప్పు చేశాను. ఊళ్ల పేర్లు అద్దం వెనక వైపు రంగుతో అచ్చువేసి ఉంటాయి. ముందు వైపు ఎంత తుడిచినా ఫర్వాలేదు, వెనక్కి మెత్తటి పొడి కుంచె తప్ప ఏదీ తగలకూడదు. ఇది తెలిసీ తడిగుడ్డ వేశాను. కొలంబో పేరులో చివరి రెండక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి.

అన్నీ బిగించాక కొత్త వింత. వాల్యూమ్ సగం దాటగానే రేడియో ఏనుగులా ఘీంకరించింది. ఇదీ పెట్టె సంగతే. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో కనిపెట్టిన పద్ధతిలో, రేడియో తన సొంత తరంగం ఒకటి పుట్టించుకుని వచ్చినదానితో కలుపుతుంది. 837 వినాలంటే లోపల 1292 పుట్టాలి, తేడా ఎప్పుడూ 455 ఉండాలి. ఆ సంఖ్యను నిర్ణయించేది గ్యాంగ్ కండెన్సర్, ఒకదానిలోకి ఒకటి దూరే పల్చటి రేకులు. స్పీకరు అదురు అడుగు పలక గుండా ఆ రేకులకు పాకితే అవీ అదురుతాయి, సంఖ్య ఊగుతుంది, ఆ ఊగిసలాట మళ్లీ స్పీకరులోంచే శబ్దమై వస్తుంది. గొలుసు పూర్తవుతుంది. దీన్ని తెంపడానికే చాసిస్‌ను పెట్టెకు రబ్బరు బిళ్లల మీద కూర్చోబెడతారు. మా రబ్బరు రాయిలా బిగుసుకుపోయింది. సైకిల్ ట్యూబు కోసి ఎనిమిది బిళ్లలు చేశాను. ఘీంకారం ఆగింది.

చివరిగా వెనక మూత. షాపు వాళ్లు పోగొట్టినదాని బదులు సన్నటి హార్డుబోర్డుకు వరసగా చిల్లులు వేయించాం. వేడిగాలి పైచిల్లుల గుండా పోతుంది, చల్లగాలి కిందినుంచి వస్తుంది, పిల్లల వేళ్లు 250 వోల్టుల మీదికి పోవు. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా నేరుగా మెయిన్స్ మీద నడిచే రకం రేడియోల్లోనైతే చాసిస్సే ఇంటి కరెంటుతో కలిసి ఉంటుంది. వాటిలో మనిషికీ షాకుకూ మధ్య ఉన్నది పెట్టె ఒక్కటే. గుండీల మరలు కూడా తగలకుండా వాటి కంతల్లో మైనం నింపేవాళ్లు.

సాయంత్రం రేడియోను ముందు గదిలో బల్ల మీద పెట్టాం. పెద్దనాన్న తనే మీట తిప్పారు. వార్తలు అయిపోయి నాదస్వరం వస్తోంది. డోలు దెబ్బ బల్ల చెక్కలో తెలుస్తోంది. ఆయన కళ్లు మూసుకుని వింటూంటే నాకు ఇంకో పని గుర్తొచ్చింది. ముల్లు ఇప్పటికీ విజయవాడను దాటి అర అంగుళం అవతలే నిలబడి ఉంది. దారం మీద చిన్న క్లిప్పు, జరిపితే అర నిమిషం పని. స్క్రూడ్రైవరు తీసుకుని లేచాను.

"దాని జోలికి పోకు," అన్నారు పెద్దనాన్న కళ్లు తెరవకుండానే. "నా చెయ్యి అక్కడికే పోతుంది."